మామ్మ చెప్పగా రాసుకున్నవి

మా మామ్మ ఏ సంగతి చెప్పినా సంవత్సరం అంకె వేసి చెప్పేది కాదు. “రంగం నుంచి వచ్చిన ఏడు”, “కలరా ఏడు”, “పెద్ద గాలికి తాటిచెట్లు నడుముకు విరిగిన ఏడు”, “మీ పెద్దత్త కడుపున పడ్డ ఏడు” - అదీ ఆవిడ పంచాంగం. ఆధార్ కార్డులో ఆవిడ పుట్టినరోజు జనవరి 1. కార్డుల ప్రకారం మా ఊళ్లో ఆ ఈడు వాళ్లు చాలామంది జనవరి 1నే పుట్టారు. అసలు వయసు తేల్చడానికి ఇంట్లో మేమే కూర్చోవలసి వచ్చింది. రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, బాంబులు పడ్డనాటికి తనకు ముందు పళ్లు రెండు ఊడి ఉన్నాయని మామ్మకు బాగా గుర్తు. ఊడిన పన్ను ఇంటికప్పు మీదకు విసిరిందట. కొద్ది రోజులకే ఆ కప్పు లేదు. రంగూన్ మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. పాలపళ్లు ఊడే వయసంటే ఆరో ఏడో. అంటే మామ్మ 1934లోనో 1935లోనో పుట్టి ఉండాలి. కార్డు ఆవిడకు నాలుగేళ్లు ఎక్కువే కట్టింది. ఆ మాట చెబితే ఎంత సంతోషించిందో. “అయితే నేనింకా చిన్నదాన్నే” అని వీధిలో పోయే వాళ్లందరికీ వారం రోజులు చెప్పుకుంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికీ నౌపడకూ మధ్య ఒక ఊరు. తూర్పుగాలి వీస్తే ఉప్పుమడుల వాసన వస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మ వీధి అరుగు మీద కాళ్లు చాపుకుని, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఏ కాలానికి ఆ పని. చింతపండు దింపిన రోజుల్లో పిక్కలు తీయడం, చోళ్లు (రాగులు) ఇంటికి వచ్చినప్పుడు రాళ్లు ఏరడం, ఎండాకాలంలో జీడిపిక్కలు ఆరబెట్టి కాకులను తోలడం. పక్కన చుట్ట. మా జిల్లా ముసలమ్మలు చాలామందిలాగే మామ్మదీ అడ్డపొగే. నిప్పు ఉన్న కొన నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, చేతులతో పని చేసుకుంటూనే పొగ పీల్చేది. చుట్ట తీసి అరుగు రాతికి రాసి ఆర్పిందంటే కథ మొదలవుతుందని మా ఇంటి పిల్లలందరికీ తెలుసు.

ఆ కథల్ని కాగితం మీద పెట్టాలన్న కోరిక నాకు ఉద్యోగంలో చేరాక కలిగింది. సెలవుకు వచ్చినప్పుడు ఫోను ఎదురుగా పెట్టి, “మామ్మా, నీ జీవితం గురించి చెప్పు” అన్నాను. మామ్మ కొంగు సర్దుకుని, ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. “ఏముంది తల్లీ, పుట్టాం, పెరిగాం, కష్టపడ్డాం. మా కథ ఎవరికి కావాలి?” అంది. ఈ మాట అనని ముసలివాళ్లను నేనింతవరకూ చూడలేదు. అది వినయం కాదు. తమ గురించి ఎవరూ ఏనాడూ అడగకపోవడం వల్ల వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. పెళ్లిళ్లలో పీట మీద కూర్చోబెట్టి కాళ్లకు దండం పెడతాం, పండగకు కొత్త చీర పెడతాం, మందులు వేసుకున్నావా అని అడుగుతాం. నువ్వు ఎవరివి, ఏం చూశావు అని మాత్రం అడగం.

మామ్మ నోరు విప్పింది చిన్న ప్రశ్నకు. చింతపండు పిక్కలు తీస్తుంటే నేనూ చేట పక్కన కూర్చుని, “రంగంలో మీ ఇంటి గుమ్మంలో నిలబడితే ఏం కనిపించేది?” అని అడిగాను. చుట్ట ఆర్పలేదు, నోట్లోంచి తీసి చేతిలోనే పట్టుకుంది. “గుమ్మం ఎక్కడిది? చెక్క మెట్లు. కింద నీళ్లు. వానాకాలం వస్తే మెట్టు మెట్టుకూ నీళ్లు ఎక్కి వచ్చేవి. ఎదురుగా బియ్యం మిల్లు గొట్టం. పొద్దున్నే కూత వేసేది. ఆ కూతకు మా అయ్య లేచేవాడు” అంది. ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ దాకా ఆగలేదు. చింతపండు ఎప్పుడో అయిపోయింది. చేతులు ఖాళీగా ఉంటే మాట ఆగుతుందని నేను లోపలికి వెళ్లి మరో చేటలో మినుములు పోసి తెచ్చి పెట్టాను. అప్పటినుంచి ఎవరి దగ్గర కూర్చున్నా ముందు వాళ్ల చేతికి పని ఉందో లేదో చూసుకుంటాను.

గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్లు తరతరాలుగా రంగానికి కూలికి పోయారు. కరువు వస్తే, అప్పు పెరిగితే, అన్నదమ్ములు విడిపోతే, రంగం ఓడ ఎక్కేవారు. గోపాలపూర్, కళింగపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలు పోయేవి. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోయడం, రేవులో సరుకు దించడం, రిక్షాలు లాగడం, వీధులు ఊడ్చడం మనవాళ్ల పని. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అక్కడివాళ్లు మనల్ని కోరంగీలు అనేవారు, గౌరవంగా కాదు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి మనవాళ్లు తిరిగి పనిలోకి రాగానే గొడవ రేగింది. వందల మంది ప్రాణాలు పోయాయి. మామ్మ అప్పటికి పుట్టలేదు. కానీ మా ముత్తాత చేతిమీద మోచేయి దాకా ఉండే మచ్చ ఆ మే నెలదేనని ఆవిడకు తెలుసు. ఆ మచ్చను పట్టుకునే నేను ఆ సంవత్సరం దాకా వెళ్లగలిగాను.

బాంబులు పడ్డ రోజు మామ్మ చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిల్లలంతా విమానాలు చూడటానికి బయటికి పరిగెత్తారట. వెండి పక్షుల్లా ఉన్నాయట. చుట్టుపక్కల పెద్దవాళ్లు కూడా చేతులు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డారట. “పారిపోవాలని ఎవరికి తెలుసు? ఆకాశంలోంచి చావు వస్తుందని మాకెవరు చెప్పారు?” అనేది మామ్మ. నగరంలో చాలామంది అలా వీధుల్లో నిలబడి చూస్తూనే చనిపోయారని తరవాత పుస్తకాల్లో చదివాను. మామ్మకు ఆ పుస్తకాలు తెలియవు. ఆవిడ చెప్పిందీ పుస్తకంలో ఉన్నదీ ఒకటే కావడం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

తరవాత నడక. ప్రోం దాకా రైలు దొరికింది. అక్కడ ఐరావతి నది దాటి, అరకాన్ కొండలు ఎక్కి, టాంగప్ కనుమ మీదుగా సముద్రపు ఒడ్డుకు చేరి, పడవల మీద అక్యాబు, అక్కడినుంచి చిట్టగాంగ్. ఈ పేర్లన్నీ నేను పటం ముందు పెట్టుకుని కలుపుకున్నవి. మామ్మకు తెలిసినవి వేరు. నీళ్లు లేని కొండ. చెంబు నీళ్లకు రూపాయి అడిగిన చోటు. దారి పక్కన కూర్చుని మళ్లీ లేవని ఒక తాత, ఆయన చేతిలో మూత గట్టిగా బిగించిన డబ్బా. కలరా వచ్చినవాళ్లను వదిలి నడిచిపోయినవాళ్లు. 1942లో ఇలా కొండదారుల్లోనూ ఓడల్లోనూ తిరిగి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలని అంచనా. దారిలో పోయినవాళ్ల లెక్క సరిగా ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్కలో లేనివాళ్లలో మా మామ్మ చెల్లెలు ఒకతె. పాలు తాగే పిల్ల. ఆ పిల్ల సంగతి మామ్మ నాకు ఒక్కసారే చెప్పింది. పేరు చెప్పి, “రాసుకో” అంది. ఏ రిజిస్టరులోనూ ఏ రేషన్ కార్డులోనూ ఏ శిలాఫలకం మీదా ఆ పేరు లేదు. నా నోటుపుస్తకంలో ఉంది. మరేమీ రాయకపోయినా ఆ ఒక్క పేరు కోసం ఈ పని చేయదగ్గదే అనుకుంటాను.

ఆ నడకలో ఇంటిల్లిపాదికీ నీళ్లు మోసిన ఇత్తడి చెంబు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అది బుడితి చెంబు అని మామ్మ అనేది. సారవకోట వైపు ఉండే బుడితి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. ముత్తవ్వ కాపురానికి రంగం వెళ్తూ పుట్టింటి నుంచి పట్టుకెళ్లిన చెంబు అది. ఓడ మీద పోయింది, కాలినడకన వచ్చింది. అంచు ఒక చోట లోపలికి నొక్కుకుని ఉంటుంది. తోమేటప్పుడు ఆ నొక్కు దగ్గర చింతపండు వేసి ఎక్కువసేపు రుద్దాలి. ఎందుకు నొక్కుకుందో మామ్మకు తెలియదు. తెలియదనే రాసుకున్నాను.

చిట్టగాంగ్ నుంచి కలకత్తా, కలకత్తా నుంచి మద్రాసు వైపు రైలు. నౌపడ స్టేషన్లో దిగినప్పుడు తెల్లవారుజాము. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఒకావిడ తెలుగులో పిల్లవాణ్ణి తిడుతోందట. అది విని మా ముత్తవ్వ నేలమీద కూలబడి ఏడ్చిందట. అంత దూరంలో, అన్ని రోజుల్లో ఆవిడ ఏడవడం మామ్మ చూసింది అప్పుడే. తిట్టే ఆవిడ తిట్టడం ఆపి, తన మూటలో ఉన్న చోడి అంబలి పిల్లలకు పోసింది. ఎవరో, ఏ ఊరో తెలియదు. మామ్మ బతికినన్నాళ్లూ అంబలి కాచినప్పుడల్లా మొదటి గరిటె ఆవిడ పేర పక్కకు తీసి, వీధిలోకి వచ్చిన వాళ్లకు పెట్టేది. ఇదేదో ఇంటి ఆచారమని మేమంతా అనుకుంటూ పెరిగాం. అడిగితేనే కదా తెలిసింది!

వాళ్లు ఊరు చేరిన కొద్ది రోజులకు, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. ఆ కబురు మా ఊరికి రాగానే మామ్మ గాదె వెనక దూరి రెండు పూటలు బయటికి రాలేదట. “మమ్మల్ని వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాయనుకున్నాను” అంది. ఎనభై ఏళ్లు దాటిన మనిషి ఆ మాట అంటూ ఉంటే ఆ ముఖంలో ఏడేళ్ల పిల్ల కనిపించింది నాకు. పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. మనం పుట్టేనాటికే వాళ్లు పెద్దవాళ్లు. వాళ్లలో ఉన్న పిల్లను, పడుచును, కొత్త కోడలిని మనం చూడం. అడిగితే కనిపిస్తారు.

రాసుకున్నది ఎప్పటికప్పుడు మామ్మకు చదివి వినిపించేదాన్ని. ఆవిడకు చదువు రాదు. మొదటిసారి చదివినప్పుడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వింది. అయిపోయాక, “ఇదంతా నేను చెప్పిందేనా?” అంది. “నీ మాటలే మామ్మా, ఒక్కటీ మార్చలేదు” అన్నాను. “ఇంకోసారి చదువు” అంది. ఆ తరవాత మామ్మ మనిషే మారిపోయింది. నేను వచ్చే ముందే ఏం చెప్పాలో అనుకుని పెట్టుకునేది. “ఆ మిల్లు దొర సంగతి నీకు చెప్పలేదు”, “రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే ఒక పాట గుర్తొచ్చింది” అని ఫోను చేయించేది. తప్పు రాస్తే ఊరుకునేది కాదు. “చెక్కమెట్లు ఏడు కాదు, తొమ్మిది. నేను లెక్కపెట్టుకుంటూ దిగేదాన్ని” అని దిద్దించింది. కోడళ్ల ముందు, మనవల ముందు ఆవిడ కూర్చునే తీరు కూడా మారింది. ఇంట్లో ఏదైనా నిర్ణయం జరుగుతుంటే “నన్నూ అడగండి” అనడం మొదలుపెట్టింది. అడగడం వల్ల ఒక మనిషికి ఇంత బలం వస్తుందని నేను కళ్లారా చూశాను.

మామ్మ తరవాత ఈ అలవాటు మిగతా బంధువుల ఇళ్లకూ పాకింది. పాతపట్నంలో మా అమ్మ వైపు తాతయ్య ఉండేవారు. ఆయన కథలన్నీ చిన్న రైలు చుట్టూ తిరిగేవి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన నారోగేజి లైను అది. తరవాత గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఎగువ ఎక్కేటప్పుడు కుర్రాళ్లు దిగి, కంచెలో రేగుపళ్లు కోసుకుని, పరిగెత్తి మళ్లీ ఎక్కేవారని తాతయ్య చెబుతుంటే అందరూ చెప్పే మాటే కదా అనుకున్నాను. “మీరు దిగారా తాతయ్యా?” అని అడిగితే అసలు కథ బయటికి వచ్చింది. ఆయన దిగింది రేగుపళ్లకు కాదు. పెళ్లిచూపులకు వెళ్తూ, టెక్కలి దాటాక వెనక్కి తిరిగి వెళ్లిపోదామని దిగారు. బండిలో ఉన్న వాళ్ల మేనమామ కిందికి దూకి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మళ్లీ అదే బండి ఎక్కించారు. ఆ పెళ్లిచూపులు మా అమ్మమ్మవి. లోపల వంటింట్లో ఉన్న అమ్మమ్మ ఈ సంగతి మొదటిసారి వింది. పెళ్లయిన అరవై ఏళ్లకు! ఆ రోజు అమ్మమ్మ ఆయనకు మజ్జిగ పోయకుండా అన్నం పెట్టింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. రెండూ పక్కపక్క ఊళ్లు, మధ్యలో మహేంద్రతనయ నది. తాతయ్య వాళ్ల ఇంట్లో ఒక అత్త అటు, ఒక అత్త ఇటు. కోర్టు పని ఒక రాష్ట్రంలో, సంత మరో రాష్ట్రంలో. పటం మీద గీత గీసినవాళ్ల సంగతి చరిత్ర పుస్తకంలో దొరుకుతుంది. పురిటికి పుట్టింటికి రావడానికి మీ మేనత్త ఏ రేవులో నది దాటింది, వరద వచ్చిన ఏడు ఏం చేసింది అన్నవి ఆ మేనత్తను ఎరిగినవాళ్ల నోట తప్ప దొరకవు. చిన్న రైలు 2004లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజి వేశాక తాతయ్యను ఆ బండి ఎక్కించి తీసుకువెళ్లాం. కిటికీ పక్కన కూర్చుని, బయట చూస్తూ, తాను ఎక్కడ దిగారో ఆ చోటు వెతికారు. బండి వేగానికి దొరకలేదు.

మందస వైపు చుట్టాల ఇళ్లకు వెళ్తే వీర గున్నమ్మ మాట రాకుండా ఉండదు. అడవి కట్టెల మీద జమీందారుకూ రైతులకూ వచ్చిన తగవులో, 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్న ఆడమనిషి ఆవిడ. ఆ రోజు తనను గాదెలోకి దించి పైన చాప కప్పారని చెప్పిన ఒక ముసలమ్మ నాకు తెలుసు. ఏం చూశావని అడిగితే, “ఏమీ చూడలేదు, ధాన్యం నలుసులు కళ్లలో పడ్డాయి, విన్నాను” అంది. ఏం విన్నదో చెప్పింది. అది నేను చరిత్ర రాసేవాళ్లకు ఇవ్వాలని శుభ్రంగా తిరగరాసి పెట్టాను.

కొందరి కథ మాటల్లో ఉండదు, చేతుల్లో ఉంటుంది. పొందూరులో మాకు దూరపు వరసకు పెద్దత్త ఒకావిడ ఉండేది, చిన్నప్పటినుంచీ నూలు వడికేది. ఆవిడను ఎంత అడిగినా నాలుగు ముక్కల్లో తేల్చేసేది. “మా అమ్మ వడికింది, నేను వడికాను” అంతే. ఒకరోజు ఆవిడ పని చేస్తుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాను. కొండపత్తి కాయలోంచి తీసిన దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతుంది. ఆ చేప దవడలో పళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా దువ్వెనలా ఉంటాయి. ఎముకలు రాజమండ్రి వైపు నుంచి తెప్పించుకుంటారు. పోగు పోగునూ అలా దువ్వి, నలక తీసి, గింజ వేరు చేసి, ఏకులు చుట్టి, అప్పుడు రాట్నం మీద కూర్చుంటుంది. నూరో నంబరు నూలు, అంటే అతి సన్నని నూలు, చేత్తో తీసే మనుషులు వాళ్లు. చూస్తూ ఉంటే ఆవిడే అంది, “ఈ దవడ మా అమ్మది. పళ్లు అరిగిపోయాయి, పారెయ్యబుద్ధి కాక ఉంచాను. మెత్తని పత్తికి ఇదే బాగుంటుంది.” అక్కడినుంచి అమ్మ, అమ్మతో పాటు వరుసగా కూర్చుని వడికిన ఆడవాళ్లు, వాళ్లు పాడుకున్న పాటలు, పనికి తగ్గ కూలి రాని రోజులు, అన్నీ వచ్చాయి. ఆవిడ చేతుల్ని వీడియో తీసి పెట్టాను. ముఖం కన్నా చేతులే ఎక్కువసేపు తీశాను. ఇలాంటివాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు ప్రశ్నలు ఇంటి దగ్గర పెట్టి వెళ్లడం మేలు.

నోటిమాటను నోటిమాటగా రాసుకోవడంలో మా జిల్లాకు పెద్ద దిక్కు గిడుగు రామమూర్తి గారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. అప్పటికి లిపి లేని భాష, పుస్తకం లేని భాష. సవరలను ఇంటికి పిలిచి, వాళ్లతో కూర్చుని, వాళ్లు ఏ మాట ఎలా అంటారో అలాగే రాసుకున్నారు. వాళ్ల పాటలు, కథలు పోగుచేశారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. చదువులేనివాళ్లు చెప్పేదానిలో నేర్చుకోవలసింది ఉందని నమ్మి, ఏళ్ల తరబడి చెవి ఒగ్గి కూర్చున్న ఆ ఓపిక నాకు ఆయన మిగతా పోరాటాలన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన వాదాలన్నీ ఆ కూర్చోవడంలోంచే పుట్టాయేమో అనిపిస్తుంది. మామ్మ మాటల్ని నేను దిద్దకుండా రాయడానికి ధైర్యం ఆయన ఇచ్చిందే. “వాళ్ల యాస తీసేసి మంచి తెలుగులో రాయకూడదూ?” అని చుట్టాల్లో చదువుకున్నవాళ్లు అన్నారు. యాస తీసేస్తే మామ్మ ఎక్కడ ఉంటుంది? ఇక్కడ మీకోసం అందరికీ తెలిసే తెలుగులోకి మార్చాను గానీ, నోటుపుస్తకంలో ఉన్నది ఆవిడ పలుకే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. 11వ తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. తాతలు నాటిన చెట్లు, మనవలు కాయలు అమ్ముకుంటున్న చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. మా ఇంటి పెంకులు లేచిపోయి, అటక మీద పెట్టెలోని ఫొటోలు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మామ్మ వాటిని అరుగు మీద ఎండబెట్టి ఒక్కొక్కటే విడదీసింది. ముఖాలు చెరిగిపోయిన ఫొటోలను కూడా గుర్తుపట్టింది, చీర అంచును బట్టి, నిలబడ్డ తీరును బట్టి. “ఇది మీ తాత చెల్లెలు. ఎప్పుడూ ఒక కాలి మీదే బరువు వేసి నిలబడేది.” నేను పక్కన కూర్చుని ప్రతి ఫొటో వెనకా పెన్సిలుతో పేరు, వరస, ఊరు రాశాను. మా ఇంట్లో ఆవిడ తప్ప అలా చెప్పగలిగేవాళ్లు అప్పటికే లేరు. మరుసటి ఏడు మామ్మ వెళ్లిపోయింది. మీ ఇంట్లో పేర్లు రాయని ఫొటోలు ఉంటే, వాటిలోని మనుషుల్ని గుర్తుపట్టగలిగే ఒక్క పెద్ద ప్రాణమైనా ఉంటే, ఈ వారమే వాటిని కిందికి దించండి. పెన్సిలు చాలు. పెన్ను సిరా వెనకనుంచి ముందుకు ఊరుతుంది.

మామ్మ చెప్పినవాటిలో నేను రాయనివీ ఉన్నాయి. “ఇది వినడానికి, రాయడానికి కాదు” అని ముందే చెప్పి చెప్పిన మాటలు. అవి నాతోనే ఉంటాయి. నమ్మి చెప్పినదాన్ని దాచడం కూడా ఈ పనిలో భాగమే. పెద్దవాళ్లు మరిచిపోయారనుకుని, వాళ్ల కష్టాల్ని అందరి ముందూ విప్పేసే వీడియోలు చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఏ మాట ఎవరి చెవిన పడాలో నిర్ణయించుకునే హక్కు వాళ్లది.

మామ్మ తమ్ముడు, మా చిన్నతాత, ఇప్పటికీ ఉన్నారు. పలాసలో కొడుకు దగ్గర ఉంటారు. రంగం నుంచి వచ్చేటప్పుడు మూడేళ్లవాడు, కొండ పొడుగునా తండ్రి భుజాల మీదే వచ్చారు. మూడేళ్ల పిల్లవాడికి ఏం గుర్తుంటుందని మా నాన్న అంటారు. చిన్నతాత ఒప్పుకోరు. తనకు నాన్న జుట్టు వాసన గుర్తుందంటారు. జుట్టు పట్టుకుని కూర్చున్నాను గదా అంటారు. చెంబు అంచుకు నొక్కు ఎలా పడిందో కూడా తెలుసునని, అది తన వల్లేనని ఈ మధ్య ఎవరితోనో అన్నారట. ఈ సంక్రాంతికి మా పిల్లల్ని తీసుకుని వెళ్తున్నాం. మా అబ్బాయి ప్రశ్నలు తనే అడుగుతానన్నాడు. చేతికి పనేమిటని ఆలోచించి, తేగలు కాల్చి పట్టుకెళ్లాలనుకున్నాం. పీచు తీసుకుంటూ చెబుతారు.

నిన్న ఫోను చేసి మేం వస్తున్నామని చెప్పాను. అవతల కాసేపు దగ్గి, గొంతు సరిచేసుకుని, “రండి తల్లీ, రండి. వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెండి. మా అక్క ఏమేం చెప్పిందో ముందు నాకు చదివి వినిపించాలి. మెట్లు తొమ్మిదని చెప్పి ఉంటుంది. పదకొండు” అన్నారు.